మేనకోడలి పాత ల్యాప్‌టాప్‌లో, లైనక్స్‌లో వైఫై ఎలా తెప్పించానంటే

నరసరావుపేటలో డిగ్రీ చదువుతున్న మా మేనకోడలు పోయిన దసరా సెలవులకి తన పాత ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చింది. విండోస్ తెరుచుకోవడానికే పది నిమిషాలు పడుతోందంటే దాని బదులు లైనక్స్ మింట్ అనే తేలికపాటి ఆపరేటింగ్ సిస్టమ్ వేశాను. స్పీడు బాగానే వచ్చింది కానీ, వైఫై గుర్తు మాత్రం ఎక్కడా లేదు. "మావయ్యా, సోమవారం ప్రాజెక్ట్ పెట్టాలి" అని పిల్ల టెన్షన్ పడిపోయింది. ఆ రోజు చేసింది చేసినట్టు చెబుతాను.

వైఫై కార్డుని నడిపించే సాఫ్ట్‌వేర్‌ని డ్రైవర్ అంటారు, అదే లేదు. డ్రైవర్ దించుకోవాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి. అందుకని ఆండ్రాయిడ్ ఫోన్‌ని కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి కలిపి, ఫోన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ని కేబుల్ ద్వారా ల్యాప్‌టాప్‌కి ఇచ్చేది) ఆన్ చేయండి. లైనక్స్ దాన్ని వైరు నెట్‌లాగే తీసుకుంటుంది. కొన్ని కేబుళ్లు ఛార్జింగ్‌కి తప్ప పనికిరావు. టెథరింగ్ ఆప్షన్ మసకగా ఉండిపోతే కేబుల్ మార్చి చూడండి.

ఇప్పుడు టెర్మినల్, అంటే కమాండ్లు టైపు చేసే విండో, తెరవండి. ఎల్, ఎస్, పి, సి, ఐ అన్న అయిదు అక్షరాలు కలిపి కొట్టి, ఒక ఖాళీ వదిలి, హైఫన్ పెట్టి, ఎన్ ఎన్ కె అని కొట్టండి. అన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాలే. వచ్చిన జాబితాలో 'నెట్‌వర్క్ కంట్రోలర్' అన్న వరుస వెతకండి. మా పిల్ల ల్యాప్‌టాప్‌లో అక్కడ బ్రాడ్‌కామ్ బిసిఎం 43142 అని, చివర బ్రాకెట్లో 14ఇ4:4365 అని ఉంది. మొదటి సగం కంపెనీ నంబరు, రెండోది చిప్ నంబరు. దయచేసి ఈ నంబరు తెలియకుండా ఎవరో చెప్పారని ఏ కమాండూ కొట్టకండి. ల్యాప్‌టాప్ మోడల్ ఒకటే అయినా లోపలి కార్డు వేరే ఉండొచ్చు.

ఈ చిప్‌కి పనిచేసే డ్రైవర్ పేరు 'డబ్ల్యూఎల్'. దాని సోర్స్ పూర్తిగా బయటికి ఇవ్వలేదు కాబట్టి లైనక్స్‌కి గుండెకాయలాంటి కెర్నెల్‌తో పాటు రాదు, విడిగా వేసుకోవాలి. మింట్ మెనూలో డ్రైవర్ మేనేజర్ తెరిస్తే బ్రాడ్‌కామ్ పేరుతో ఒకటి కనిపిస్తుంది, అది ఎంచుకుని అప్లై కొడితే చాలు.

నేను ఇబ్బంది పడింది ఆ తర్వాతే. సెక్యూర్ బూట్ అంటే నమ్మకమైన సంతకం లేని సాఫ్ట్‌వేర్‌ని బూట్‌లో అడ్డుకునే రక్షణ. అది ఆన్‌లో ఉంటే, డ్రైవర్ వేసేటప్పుడే కనీసం 8 అక్షరాల పాస్‌వర్డ్ ఒకటి పెట్టమంటుంది. నేను పెట్టి, రీస్టార్ట్ కొట్టి, కాఫీ తెచ్చుకుందామని లేచాను. ఆ కాసేపట్లోనే నీలం తెర వచ్చి వెళ్లిపోయింది. ఏదో ఒక కీ నొక్కమని కొన్ని సెకన్లే ఆగుతుంది, నొక్కకపోతే మామూలుగా బూట్ అయిపోతుంది. డ్రైవర్ ఉన్నా సిస్టమ్ దాన్ని లోపలికి రానివ్వదు. కాబట్టి అక్కడే కూర్చోండి. తెర రాగానే కీ నొక్కి, ఎన్‌రోల్ మోక్ (డ్రైవర్ సంతకం తాలూకు కీని నమ్మమని చెప్పడం), కంటిన్యూ, యెస్ అని బాణం కీలతో వెళ్లి, ఆ పాస్‌వర్డ్ ఇచ్చి, రీబూట్ చేయండి. కొడుతున్నప్పుడు పాస్‌వర్డ్ కనబడదు కాబట్టి తేలికైనది పెట్టుకుని కాగితం మీద రాసుకోండి. నాలాగా తెర తప్పిపోతే టెర్మినల్లో 'సుడో అప్‌డేట్-సెక్యూర్‌బూట్-పాలసీ --ఎన్‌రోల్-కీ' అని ఇంగ్లీషులో కొట్టండి, మళ్ళీ పాస్‌వర్డ్ అడుగుతుంది. అది పెట్టి రీస్టార్ట్ చేస్తే ఆ నీలం తెర మళ్ళీ వస్తుంది.

మొదట జాబితా చూపిన ఆ ఎన్ ఎన్ కె కమాండే మళ్ళీ కొట్టి చూస్తే, 'కెర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్' పక్కన డబ్ల్యూఎల్ అని ఉండాలి. ఉండి కూడా నెట్‌వర్కులు కనబడకపోతే, వైఫై ఎక్కడైనా ఆపేసి ఉందేమో చూపే 'ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్' కొట్టండి. హార్డ్ బ్లాక్‌డ్ పక్కన యెస్ ఉంటే కీబోర్డు మీది వైఫై కీయో, పక్కనున్న స్విచ్చో ఆఫ్‌లో ఉన్నట్టు. సాఫ్ట్ బ్లాక్‌డ్ పక్కన యెస్ ఉంటే, అంటే సాఫ్ట్‌వేర్‌లోనే ఆపేసి ఉంటే, 'ఆర్ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ వైఫై'తో సరిపోతుంది.

దీపావళి అయ్యాక పిల్ల ఫోన్ చేసింది, అప్‌డేట్ చేస్తే వైఫై పోయిందని. ఈ డ్రైవర్ మూల కోడ్ 2015 నాటిది. కొత్త కెర్నెల్ వచ్చినప్పుడల్లా మళ్ళీ తయారు కావాలి, ఒక్కోసారి కాదు. ఆన్ చేస్తూనే ఎస్కేప్ నొక్కించి, ఏ కెర్నెల్‌తో మొదలవ్వాలో ఎంచుకునే గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌కి వెళ్లి పాత కెర్నెల్‌తో బూట్ చేయించాను. రెండు నిమిషాల్లో వీడియో కాల్‌లోకి వచ్చింది. అందుకే పాత కెర్నెల్‌ని ఒకదాన్ని ఎప్పుడూ తీసేయకుండా ఉంచమన్నాను.