లారీ డ్యూటీ ఒప్పుకునే ముందు గంటకు ఎంత మిగులుతుందో లెక్క కట్టడం ఎలా

"జీతం పద్దెనిమిది వేలు, బత్తా వేరే" అనగానే తాళాలు అందుకునే డ్రైవర్లు మన గోదావరి జిల్లాల్లో చాలామంది. ఆ డబ్బుకు ఎన్ని గంటలు ఇవ్వాలో, దారిలో ఎంత పోతుందో ఆ మాటలో ఉండదు. మండపేట మిల్లుల నుంచి కాకినాడ పోర్టుకు బియ్యం తోలే బండినీ, భీమవరం నుంచి హౌరాకు చేపలు తోలే బండినీ నెల జీతం మీద పోల్చితే ఎప్పుడూ హౌరా బండే గెలుస్తుంది. గంటల మీద పోల్చితే కథ మారుతుంది. ఆ లెక్క కాగితం మీద వేసుకోవడం ఎలాగో, ఎక్కడ తప్పుతుందో కింద ఉంది.

ముందు గంటలు రాయండి

జేబులో పట్టే పుస్తకం ఒకటి కొని పదిహేను రోజులు రాయండి. రోజుకు నాలుగు గడులు చాలు: బండి దగ్గరకు వచ్చిన టైము, కదిలిన టైము, ఆగిన టైము, ఎందుకు ఆగింది. చివరి గడే అన్నిటికంటే ముఖ్యం. సీరియల్ (లోడింగ్ వరసలో మీ నంబరు) కోసమా, హమాలీల భోజనానికా, పేపర్లకా, టైరుకా అని ఒక్క మాట రాస్తే చాలు. కాటా చీటీలు పారేయకండి. ఖాళీ బండి తూకం మీద ఒక టైము, లోడు తూకం మీద ఒక టైము అచ్చవుతుంది. రెంటికీ తేడా ఎంతో అంతసేపు లోడింగ్ పట్టిందని అర్థం. దాన్ని ఎవరూ కాదనలేరు. చీటీ ఇంకు వేసవిలో క్యాబిన్ వేడికి చెరిగిపోతుంది కాబట్టి ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి.

ఇంకా చేరని బండి అయితే అదే రూటులో తిరిగే డ్రైవర్ని అడగాలి. ఎంత వస్తుందని అడిగితే ఎవరైనా కాస్త పెంచే చెబుతారు. "పోయిన ట్రిప్పు ఏ రోజు లోడైంది, ఏ రోజు ఖాళీ అయింది, మళ్ళీ ఎన్నో రోజున లోడు దొరికింది?" అని అడిగితే నిజం బయటికి వస్తుంది.

డెల్టాలో గంటలు రోడ్డు మీద కంటే గేట్ల దగ్గరే ఎక్కువ పోతాయి. కార్తీకంలో సార్వా కోతలు మొదలైతే ధాన్యం లారీలు మిల్లు ముందు వరస కడతాయి. తేమ 17 శాతం దాటిందంటే ధర దగ్గర వాదన మొదలవుతుంది, అది తేలేదాకా బస్తా దిగదు. పోర్టులో ఓడకు బియ్యం ఎక్కించేటప్పుడు చినుకు పడితే సరుకు తడవకుండా ఓడ మూతలు వేసేస్తారు, వెనక ఉన్న లారీలన్నీ ఆగిపోతాయి. కడియం నర్సరీల మొక్కల లోడు బరువు తక్కువే గానీ కుండీలు, కవర్లు చేత్తో ఒక్కొక్కటి పేర్చాలి, సగం రోజు అక్కడే కరిగిపోతుంది. కోనసీమలో కొబ్బరికాయ ఎత్తడానికి కాలవ గట్ల మీదుగా లోపలికి వెళ్ళాలి. వాన పడ్డాక గట్టు అంచు మెత్తబడి చక్రం దిగితే జేసీబీ వచ్చేదాకా కదలలేరు. ఈ గంటలు ఏ ఓనరూ జీతం చెప్పేటప్పుడు చెప్పడు. చాలామంది డ్రైవర్లు కూడా "ఊరికే కూర్చున్నాం కదా" అని లెక్కలో వేసుకోరు. సరుకు బాధ్యత, పట్టా (లోడు మీద కప్పే టార్పాలిన్) బాధ్యత, బ్యాటరీ బాధ్యత అన్నీ మీ మీద ఉన్నంతసేపూ అది డ్యూటీయే.

తర్వాత డబ్బు

చేతికొచ్చేవన్నీ ఒక పక్క రాయండి: జీతం, బత్తా, ట్రిప్పు డబ్బు, మైలేజీ మిగులు, హాల్టింగ్ (బండి ఆగినందుకు సరుకు పార్టీ ఇచ్చే డబ్బు) వాటా. మీ జేబులోంచి పోయేవి ఇంకో పక్క: తిండి, టీలు, స్నానం, పార్కింగ్, లోడింగ్ దగ్గర అడిగే మామూళ్ళలో ఓనరు ఒప్పుకోనివి, పంక్చర్లు మీ మీద వేస్తే అవి. తీసివేయగా మిగిలిందే అసలు ఆదాయం.

రెండు డ్యూటీలు పోల్చి చూద్దాం. ఇవి లెక్క పద్ధతి చూపడానికి వేసిన అంకెలు, మీ అంకెలు మీరు వేసుకోండి.

దగ్గర డ్యూటీ: జీతం 16,000, రోజుకు 300 చొప్పున 26 రోజుల బత్తా 7,800, మొత్తం 23,800. రాత్రి భోజనం ఇంట్లోనే కాబట్టి టీ, టిఫిన్లకు రోజుకు 80 చొప్పున 2,080 పోతే మిగిలేది 21,720. రోజుకు 13 గంటలు వేస్తే నెలకు 338 గంటలు. గంటకు 64 రూపాయలు.

దూరం డ్యూటీ, ఇద్దరు డ్రైవర్లు: ఒక్కొక్కరికి ట్రిప్పుకు 9,000, రానూపోనూ 8 రోజులు, నెలకు మూడు ట్రిప్పులు. అంటే 27,000. రోజుకు 500 చొప్పున 24 రోజుల బత్తా 12,000. మొత్తం 39,000. తిండికి 8,400, స్నానం, పార్కింగ్ వగైరాకు 1,200, ఓనరు ఇవ్వని మామూళ్ళు 2,100 తీసేస్తే 27,300. స్టీరింగు, లోడింగు, కాపలా కలిపి రోజుకు 13 గంటలు వేస్తే 312 గంటలు, గంటకు 87 రూపాయలు. కానీ మిగతా 11 గంటలూ మీరు ఇంట్లో లేరు, బండిలోనే ఉన్నారు. ఇంటికి దూరంగా ఉన్న గంటలన్నీ, అంటే 24 రోజులకు 576 గంటలు వేసి భాగిస్తే గంటకు 47 రూపాయలే.

ఈ రెండు అంకెలూ వేయాలి. మొదటిది మీ కష్టానికి కూలి ఎంతో చెబుతుంది. రెండోది మీ కాలానికి ధర ఎంతో చెబుతుంది. పెళ్ళికాని కుర్రాడు, అప్పు తీర్చాల్సినవాడు మొదటి అంకె చూసుకుని దూరం వెళ్ళడంలో తప్పు లేదు. ఇంటి దగ్గర అరెకరం సాగు, రెండు గేదెలు, బడికి వెళ్ళే పిల్లలు ఉన్నవాళ్ళకు రెండోదే సరైన కొలత, ఎందుకంటే మీరు లేనప్పుడు ఆ పనులకు కూలి ఇచ్చి మనిషిని పెట్టాలి. ఆ కూలి కూడా ఖర్చులో రాయండి.

ఒక్క నెల చూసి తేల్చకూడదు. జూలై, ఆగస్టుల్లో గోదావరి వరద, అక్టోబరు, నవంబరుల్లో తుపాన్లు, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం... బండి ఆగే రోజులు ఏటా వస్తాయి. ఆగిన రోజుకు బత్తా ఉండదు. ఏడాది మొత్తం వేసి 12తో భాగిస్తేనే నెల ఆదాయం తెలుస్తుంది.

మైలేజీ కోతలో ఏం జరుగుతుంది

దూరం బళ్ళలో డ్రైవర్లు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. ఓనరు లీటరుకు ఇన్ని కిలోమీటర్లు అని ఒక అంకె పెడతాడు. అంతకంటే ఎక్కువ వస్తే మిగులు మీకు, తగ్గితే మీ జీతంలో కోత. రానూపోనూ 2,300 కిలోమీటర్లు, లెక్క 4 కిలోమీటర్లు అనుకోండి. 575 లీటర్లు సరిపోవాలి. బండి 3.8 ఇస్తే 605 లీటర్లు తాగుతుంది. 30 లీటర్ల తేడా, లీటరు 97 రూపాయల చొప్పున దాదాపు 2,900. పైన వేసిన 9,000 ట్రిప్పు డబ్బులో మూడో వంతు ఇక్కడే పోయింది.

3.8కి పడిపోవడానికి మీ తోలకం ఒక్కటే కారణం కాదు. టైర్లలో గాలి తక్కువ, బ్రేకు లైనర్లు పట్టేయడం, మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టరు, ఎదురుగాలికి పట్టా ఉబ్బడం, అనుమతి కంటే ఎక్కువ లోడు, క్యూలో ఇంజను ఆన్‌లో ఉంచడం, అన్నీ కలుస్తాయి. అందుకే అంకె ఒప్పుకునే ముందు ఒక ట్రిప్పు కోత లేకుండా ట్యాంకు నిండుగా కొట్టించి తోలి, తిరిగొచ్చాక మళ్ళీ అదే బంకులో నిండుగా కొట్టించి కొలవండి. ఖాళీ బండికి ఒక అంకె, లోడుకు ఒక అంకె వేరుగా పెట్టమనండి. బీఎస్ 6 బండి అయితే పొగ శుద్ధికి పోసే యాడ్‌బ్లూ ఎవరి ఖర్చో కూడా ముందే తేల్చుకోవాలి. అది అయిపోతే ఇంజను పవరు తగ్గించేస్తుంది, మధ్యదారిలో మీరే కొనాల్సి వస్తుంది.

ఒంటరిగా పంపితే ఏమవుతుంది

భీమవరం నుంచి హౌరా సుమారు 1,150 కిలోమీటర్లు. బండికి స్పీడు గవర్నరు 80 దగ్గర ఆపుతుంది. టోళ్ళు, ఊళ్ళు, భోజనాలు కలిపితే సగటు 42 దాటడం కష్టం. అంటే దాదాపు 27 గంటలు. ట్రేలలో చేప మీద ఐసు, ఐసు మీద చేప పేర్చిన లోడు అది. బండి ఆగినా ఐసు కరగడం ఆగదు, బాడీ కింద నీళ్ళ ధార చూస్తూనే ఉంటారు. అక్కడి మార్కెట్ తెల్లవారుజామున నడుస్తుంది, ఆ పూట తప్పితే సరుకు ఒక రోజు పాతబడిపోతుంది. అందుకే రాత్రంతా ఫోన్లు: ఎక్కడున్నావ్, ఇంకా ఎంతసేపు. ఇద్దరు డ్రైవర్లు మారుతూ తోలితే ఈ పని చేయొచ్చు. "రెండో డ్రైవర్ డబ్బులో సగం నీకే ఇస్తా, క్లీనర్ని తీసుకెళ్ళు" అంటే దాని అర్థం ఒక రాత్రి పూర్తిగా నిద్రలేకుండా తోలమని. ఆ డ్యూటీ ఎంతిచ్చినా వద్దనే మేము చెబుతాం.

17 గంటలు మేలుకున్న మనిషి చురుకుదనం రక్తంలో 0.05 శాతం ఆల్కహాలు ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని పరిశోధనల్లో తేలింది. మన దేశంలో డ్రంక్ అండ్ డ్రైవ్ హద్దు 0.03 శాతమే. గంటకు 60 వేగంలో మూడు సెకన్లు కళ్ళు మూతపడితే బండి 50 మీటర్లు దానంతటదే వెళ్ళిపోతుంది. నిద్ర బాగా తన్నుకొచ్చేది రాత్రి 2 నుంచి 5 మధ్య, మళ్ళీ మధ్యాహ్నం భోజనం అయ్యాక. గుట్కా, పాటలు, కిటికీ గాలి ఏవీ నిద్రకు బదులు కావు. రెప్పలు బరువెక్కినా, దాటిన ఊరు గుర్తు రాకపోయినా, చక్రం తెల్లగీత మీదకు ఎక్కినా బండిని రోడ్డు పక్కన బళ్ళు ఆపే లేబైలోకో పెట్రోలు బంకులోకో తీసి, టీ తాగి, 20 నిమిషాలకు అలారం పెట్టి పడుకోండి. టీ పని చేయడానికి అంతసేపు పడుతుంది. లేచాక పది, పదిహేను నిమిషాలు దిగి నడిచి టైర్లు తట్టి చూసుకుని ఎక్కండి. రోడ్డు అంచున మాత్రం ఎప్పుడూ ఆపకండి.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని గీత గీసింది, అదనపు గంటలకు రెట్టింపు కూలి అంది. 2025 నవంబరు 21 నుంచి దాని చోటులోకి వచ్చిన లేబర్ కోడ్ కూడా 8 గంటల లెక్కే పెట్టింది. ఒకటి రెండు బళ్ళున్న ఓనరు దగ్గర ఇది అమలు చేయించడం కష్టమే. అయినా బేరం ఆడేటప్పుడు "8 గంటలు దాటిన ప్రతి గంటా అదనమే" అనే మాటకు ఆధారం ఇదే. నిర్లక్ష్యంగా తోలి మనిషి చనిపోతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద 5 ఏళ్ళ దాకా జైలు. నిద్ర లేకుండా పంపింది ఓనరైనా స్టీరింగు మీద ఉన్నవాడి మీదే కేసు.

ఓవర్‌లోడు కూడా గంటల లెక్కే. 10 టైర్ల బండి లోడుతో కలిపి 28.5 టన్నులు దాటకూడదు. దాటితే 20,000 జరిమానా, పైన ప్రతి టన్నుకూ 2,000. "ఫైన్ నేను కట్టుకుంటాలే" అని ఓనరు అంటాడు. అదనపు సరుకు దింపేదాకా బండి వదలరు, ఆ రోజంతా బండి దగ్గర ఎండలో కూర్చునేది మీరు.

బేరం

అడ్వాన్సు తీసుకోకముందే మాట్లాడాలి. తీసుకున్నాక మీ మాటకు బలం ఉండదు, సీజను మధ్యలో మానేద్దామన్నా ఆ బాకీ కదలనివ్వదు. అడిగే తీరు మెత్తగా, అడిగే విషయం గట్టిగా ఉండాలి:

"ఓనరు గారూ, బత్తా కదిలిన రోజుకేనాండీ, ఆగిన రోజుకి కూడానా?"

"పార్టీ దగ్గర హాల్టింగ్ వసూలు చేస్తే అందులో నాకెంతండీ?"

"రెండో డ్రైవర్ ఎవరండీ? ఆయన రాకపోతే ట్రిప్పు ఆపుతారా?"

వీటికి సూటిగా జవాబు చెప్పే ఓనరు దగ్గర వెయ్యి తక్కువైనా చేరొచ్చు. ఒప్పుకున్న మాటలు ఆ సాయంత్రమే వాట్సాప్‌లో "మనం అనుకున్నవి ఇవీ అండీ" అని పెట్టి, సరే అని జవాబు తెప్పించుకోండి. జీతం వీలైనంత వరకు బ్యాంకు ఖాతాకే వేయమనండి. ప్రమాదం జరిగితే నష్టపరిహారం జీతం ఆధారంగానే కడతారు. చేతికి ఇచ్చిన డబ్బుకు రుజువు ఉండదు.

బండి ఇన్సూరెన్సు కాగితంలో జీతం డ్రైవరుకు, క్లీనరుకు కవరేజీ ఉందో లేదో మీ కళ్ళతో చూడండి. మనిషికి ఏడాదికి 50 రూపాయల ప్రీమియం అది. దాన్ని మిగుల్చుకునే ఓనరు మిగతా విషయాల్లో ఎలా ఉంటాడో ఊహించుకోవచ్చు. మీ వంతుగా బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలతో ప్రధానమంత్రి సురక్షా బీమా చేయించుకోండి, ప్రమాదంలో చనిపోతే ఇంటికి 2 లక్షలు. కొత్త బండి అయితే ఏసీ పనిచేస్తోందో చూడండి. 2025 అక్టోబరు 1 తర్వాత తయారైన పెద్ద లారీలన్నిటికీ క్యాబిన్ ఏసీ తప్పనిసరి. మే నెలలో పగలు నిద్రపోవాల్సిన రెండో డ్రైవరుకు అది లేకపోతే రాత్రి డ్యూటీ చేయలేడు.

చేరాక మొదటి సెటిల్‌మెంటు రోజున మీ పుస్తకం, కాటా చీటీల ఫొటోలు ముందు పెట్టుకుని లెక్క మళ్ళీ వేయండి. అనుకున్న గంట రేటుకు వందకు పది దాకా తగ్గితే ఇంకో నెల చూడొచ్చు. పాతిక తగ్గితే ఏ గడిలో పోయిందో వేలు పెట్టి చూపించి ఓనరుతో మాట్లాడండి, హాల్టింగా, మైలేజీయా, మామూళ్ళా అని. రెండో సెటిల్‌మెంటులోనూ అదే తగ్గుదల ఉంటే అడ్వాన్సు తీర్చేసి వేరే బండి చూసుకోవడమే మంచిది, సంక్రాంతికి ముందు డ్రైవర్లు దొరక్క ఓనర్లే వెతుక్కునే రోజుల్లో అయితే ఇంకా తేలిక.