పాత బైక్ ముందు ఫోర్క్ – 4వ పాఠం: స్ప్రింగులు మార్చడం

పోయిన పాఠంలో ఫోర్క్ విప్పకుండానే స్ప్రింగు అలిసిందో లేదో పరీక్షించడం చూశాం. భాకరాపేట ఘాటులో తిరుపతి వైపు దిగుతూ బ్రేకు పట్టగానే ముందుభాగం మొత్తం కుంగిపోయి, ఆపైన చిన్న గుంతకే దబ్బుమంటోందంటే స్ప్రింగులు మార్చాల్సిన బండే అది. ఇక్కడ చెప్పే పద్ధతి 1980లు, 90లలో వచ్చిన చాలా 100 సీసీ బండ్లలో ఉండే మామూలు టెలిస్కోపిక్ ఫోర్క్‌కు, అంటే ఒక గొట్టంలో ఇంకో పైపు జారే రకానికి. పాత బుల్లెట్‌లో ఫోర్క్ పైపు హెడ్‌లైట్ కేసింగ్‌లోకే మరతో బిగుస్తుంది కాబట్టి దాని పని వేరే.

సామాను: రెండు కొత్త స్ప్రింగులు (ఒక్కటే మార్చకూడదు), ఫోర్క్ ఆయిల్, డ్రెయిన్ స్క్రూ వాషర్లు, స్టీలు స్కేలు, మెడికల్ షాపులో దొరికే పెద్ద సిరంజి, దానికి సన్నని ట్యూబు. ఆయిల్ గ్రేడు, పరిమాణం మాన్యువల్‌లో ఉంటాయి.

బండిని సెంటర్ స్టాండ్ మీద నిలబెట్టి, ఇంజన్ కింద చెక్క పెట్టి జాకీతో ముందు చక్రం గాల్లోకి లేపండి. రెండు వైపులా ఒకేసారి విప్పొద్దు. చక్రం నేల మీద ఉండగా ఫోర్క్ పైపుల పైకొసన ఉండే మూతలు తీస్తే బండి బరువుకు ఫోర్క్ ఒక్కసారిగా దిగిపోతుంది, లోపలి స్ప్రింగు మూతను ఎగరగొడుతుంది. ఒక వైపు పూర్తిగా బిగించాకే రెండోది.

రెండు ఫోర్క్ పైపులనూ కలిపి పట్టే అడ్డ పట్టీలను టీ అంటారు, పైన ఒకటి, కింద ఒకటి ఉంటాయి. మొదట పై టీ దగ్గర పైపును పట్టుకున్న బోల్టు వదులు చేయాలి. ఇది మరిచి మూత మీద స్పానర్‌తో తంటాలు పడేవాళ్లే ఎక్కువ. ఆ బోల్టు పైపును నొక్కుతుంటే లోపలి మరలు కూడా బిగుసుకుని మూత కదలదు, బలవంతం చేస్తే మూత మూలలు అరిగిపోతాయి. చివరి రెండు మరల దగ్గర మూతను అరచేత్తో కిందికి నొక్కి పట్టుకుని తిప్పండి, ముఖం పక్కకు ఉంచండి. కొన్ని బండ్లలో మరల మూతకు బదులు ప్లగ్, దాన్ని ఆపే తీగ రింగు ఉంటాయి. ప్లగ్‌ను కిందికి నొక్కి రింగును చిన్న స్క్రూడ్రైవర్‌తో లాగాలి, దీనికి రెండో మనిషి కావాలి.

స్పేసర్ (స్ప్రింగుకూ మూతకూ మధ్య ఉండే గొట్టం ముక్క), వాషర్, స్ప్రింగు ఏ వరసలో, ఏ కొస పైకి ఉండి వచ్చాయో ఫోటో తీసుకోండి. చుట్లు ఒక కొసన దగ్గరగా ఉండే స్ప్రింగులను పాతవి ఉన్న తీరులోనే పెట్టాలి. పాతదాని పొడవు కొలిచి మాన్యువల్‌లోని పరిమితితో పోల్చండి. అలిసిన స్ప్రింగును సాగదీసి మళ్లీ పెట్టే మెకానిక్కులు ఉన్నారు, కొన్నాళ్లకే అది మళ్లీ కుదించుకుపోతుంది.

ఫోర్క్ అడుగున ఉండే డ్రెయిన్ స్క్రూ తీసి పాత ఆయిల్ వంచేయండి. బ్రేకు మీద చుక్క పడకుండా గుడ్డ కప్పండి. ఫోర్క్‌ను నెమ్మదిగా పది సార్లు ఆడిస్తే మిగిలింది కూడా వస్తుంది. అయినా లోపల కొంత అంటుకునే ఉంటుంది, అందుకే మిల్లీలీటర్ల లెక్క కన్నా మట్టం లెక్క నమ్మదగినది. కొత్త ఆయిల్ పోసి, మళ్లీ ఆడించి గాలి పోగొట్టి, స్ప్రింగు లేకుండా ఫోర్క్‌ను పూర్తిగా నొక్కి, పైపు అంచు నుంచి ఆయిల్ దాకా స్కేలుతో కొలవాలి. ఆయిల్ ఎక్కువై ఈ కొలత తక్కువగా వస్తే సిరంజితో లాగేయండి. ఆయిల్ ఎక్కువైతే పైన గాలికి చోటు తగ్గుతుంది, పెద్ద గుంతలో ఆ ఒత్తిడికి ఆయిల్ సీల్ కారుతుంది.

చిక్కటి ఆయిల్ బరువు మోయదని గుర్తుంచుకోండి. అది కదలిక వేగాన్ని తగ్గిస్తుందంతే. ఎండాకాలం తిరుపతి వేడికి ఆయిల్ పలచబడుతుందని 20డబ్ల్యూ40 ఇంజన్ ఆయిల్ పోస్తే వరస గుంతల్లో ఫోర్క్ తేరుకునేలోపే తర్వాతి గుంత వస్తుంది.

ఇప్పుడు అసలు తకరారు: స్పేసర్. స్ప్రింగు మీద వాషర్లు పేర్చి "గట్టి చేశాం" అంటారు. వాషర్లు పెడితే స్ప్రింగు గట్టిపడదు, ముందుభాగం అంత మేర పైకి లేస్తుంది, అంతే. 10 మిల్లీమీటర్లు కలిపితే సుమారు 10 మిల్లీమీటర్లు లేస్తుంది. కాబట్టి కొలిచి నిర్ణయించాలి. చక్రం గాల్లో ఉండగా డస్ట్ సీల్ (కింది గొట్టం పై అంచున దుమ్ము ఆపే రబ్బరు) నుంచి కింది టీ వరకు కొలవండి. తర్వాత చక్రం నేలకు ఆనించి, నడిపే మనిషి కూర్చున్నాక, ఒకసారి కిందికి నొక్కి మెల్లగా వదిలి, ఒకసారి పైకి లాగి మెల్లగా వదిలి రెండు సార్లూ కొలిచి సగటు తీయండి. సీళ్ల రాపిడి వల్ల రెండూ ఒకటిగా ఉండవు. మొదటి కొలతలోంచి ఈ సగటు తీసేస్తే వచ్చేదే కుంగుబాటు. మొత్తం కదలిక 110 మిల్లీమీటర్లయితే కుంగుబాటు 30 నుంచి 35 మధ్య ఉంటే బాగుంటుంది. 45 ఉంటే స్పేసర్ 10 మిల్లీమీటర్లు పెంచండి. అంతకన్నా చాలా పెంచాల్సి వస్తే స్ప్రింగే మెత్తనిది, గట్టిదే కొనాలి. ఎక్కువ నొక్కి బిగిస్తే కదలిక పూర్తికాకముందే చుట్లు ఒకదానికొకటి తగిలి ఇనుము మోత వస్తుంది.

స్పేసర్‌కు హార్డ్‌వేర్ షాపు పీవీసీ పైపు సరిపోతుంది. ఫోర్క్ పైపులో వదులుగా జారాలి, రెండు కొసలూ నిటారుగా కోసి ఉండాలి, స్ప్రింగుకూ పీవీసీకీ మధ్య ఇనుప వాషర్ తప్పనిసరి. లేదంటే స్ప్రింగు కొస పీవీసీని కోసుకుంటూ పోతుంది.

మూత పెట్టేటప్పుడు నొక్కి, ముందు ఎడమకు తిప్పండి. మర దిగిన చిన్న చప్పుడు తెలిశాకే కుడికి తిప్పాలి. మర అడ్డంగా ఎక్కితే పైపు పాడవుతుంది. మూత బిగించాక పై టీ బోల్టు బిగించండి. ఆ వైపు పూర్తయ్యాక రెండోది.

వచ్చే పాఠం: ఆయిల్ సీళ్లు.