గ్రాఫిక్ నవలకు అట్ట వేయడం: తొలి గీత నుంచి ప్రెస్ దాకా

లోపలి పేజీల్లోంచి బాగా కుదిరిన ఫ్రేము ఒకటి తీసి, పెద్దది చేసి, పైన ఖాళీ చూసుకుని పేరు అతికించేస్తే గ్రాఫిక్ నవలకు అట్ట అయిపోయిందనుకుంటారు చాలామంది. లోపలి ఫ్రేముకు ముందు ఒకటి, వెనక ఒకటి ఆసరాగా ఉంటాయి. అట్టకు అలాంటి తోడు లేదు. ఒంటరిగా నిలబడాలి, పైగా పేరును కూడా మోయాలి. కాబట్టి పేరు, బొమ్మ తొలి గీత నుంచీ కలిసే పుట్టాలి. బొమ్మంతా అయ్యాక పేరుకు చోటు వెతికితే కథానాయకుడి నుదుటి మీదో, పాదాల మీదో తేలుతుంది.

ఒక ఉదాహరణ పట్టుకుని నడుద్దాం. 1908 సెప్టెంబరు 28న హైదరాబాదును ముంచెత్తిన మూసీ వరద మీద 160 పేజీల గ్రాఫిక్ నవల. పేరు ‘చింతకొమ్మ’ అనుకుందాం. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని ఆ వరద గురించి చెప్పుకుంటారు. ఆ చెట్టు ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉంది. పుస్తకం సైజు 6×9 అంగుళాలు, అంటే 152×229 మి.మీ.

ముందు స్పైన్ లెక్క తేల్చుకోండి

కాన్వాస్ తెరవడానికి ముందే ప్రెస్‌వాళ్లను అడగాల్సిన ప్రశ్న: లోపలి కాగితం ఏది? స్పైన్ (పుస్తకం వెన్ను) మందం దాన్ని బట్టే తేలుతుంది. జీఎస్‌ఎంను (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) బల్క్‌తో (ఆ బరువుకు కాగితం ఎంత ఉబ్బుగా ఉందో చెప్పే అంకె) గుణిస్తే ఒక ఆకు మందం మైక్రాన్లలో వస్తుంది. 130 జీఎస్‌ఎం మాట్ ఆర్ట్ పేపర్ బల్క్ 0.9 అయితే ఆకు 117 మైక్రాన్లు. 160 పేజీలంటే 80 ఆకులు, అంటే 9.4 మి.మీ. అట్టకు వాడే 300 జీఎస్‌ఎం ఆర్ట్ కార్డు మందం రెండు వైపులా కలుపుకుంటే 10 మి.మీ. అదే పుస్తకాన్ని 100 జీఎస్‌ఎం మ్యాప్‌లిథో (పూత లేని కాగితం) మీద వేస్తే, దాని బల్క్ 1.25 అనుకుంటే, లోపలి ఆకులే 10 మి.మీ. అవుతాయి. బరువు తక్కువ కాగితమే ఇక్కడ లావు. అందుకే జీఎస్‌ఎం ఒక్కటే విని స్పైన్ వేయకూడదు. అదే కాగితంతో ఏమీ అచ్చు వేయని డమ్మీ ఒకటి బైండు చేయించి, వెర్నియర్‌తో కొలిస్తే ఇక అనుమానం ఉండదు.

మొత్తం అట్ట ఒకే పరుపు: ఎడమ వెనక అట్ట, మధ్యలో స్పైన్, కుడి ముందట్ట. వెడల్పు 152+10+152, దానికి రెండు పక్కలా 3 మి.మీ. బ్లీడ్ (కోతలో పోయే అదనపు అంచు) కలిపితే 320. ఎత్తు 229+6, అంటే 235. 400 డీపీఐలో (అంగుళానికి 400 చుక్కలు) సుమారు 5040×3700 పిక్సెళ్లు. రంగుల బొమ్మకు 300 చాలు గానీ సిరా గీత ఉన్నచోట అంచులు మెత్తబడతాయి. గీతను విడిగా 600లో ఉంచుకుంటే మంచిది.

ఇక గైడ్లు. కోత గీత నుంచి లోపలికి 6 మి.మీ. దాకా ముఖ్యమైనదేదీ పెట్టొద్దు. ముందట్ట మీద స్పైన్ నుంచి 7 మి.మీ. దూరంలో మడత గీత గీయండి. పర్ఫెక్ట్ బైండింగ్‌లో (ఆకులను వెన్ను దగ్గర జిగురుతో అట్టకు అంటించే పద్ధతి) అట్ట తెరిచినప్పుడు వంగేది అక్కడే, స్పైన్ దగ్గర కాదు. ఆ గీత మీద కన్ను, వేలు, అక్షరం పడితే నెల రోజుల్లో లామినేషన్ (అట్ట మీది సన్నటి ప్లాస్టిక్ పొర) తెల్లగా పగులు చూపిస్తుంది. పైగా కంటికి ముందట్టగా కనిపించేది ఆ మడత నుంచి అంచు దాకా ఉన్న 145 మి.మీ. మాత్రమే. పేరును అచ్చంగా మధ్యలో పెట్టాలంటే ఆ 145కి మధ్య చూడండి, 152కి కాదు. తేడా 3.5 మి.మీ.నే, కానీ పుస్తకం చేతిలోకి తీసుకుంటే పేరు ఎడమకు జరిగినట్టు తెలిసిపోతుంది.

చిన్న పెట్టెలు, లావు కలం

ఏ4 కాగితం మీద 4×6 సెం.మీ. పెట్టెలు 12 గీయండి. నిష్పత్తి పుస్తకానిదే. లావు బ్రష్ పెన్ను, ఒక బూడిద మార్కరు, అంతే. సన్నటి పెన్సిలు చేతిలో ఉంటే మనసు ముక్కూ చెవుల మీదికి పోతుంది. మూడే ఛాయలు: తెలుపు, బూడిద, నలుపు. పేరుకు కూడా ప్రతి పెట్టెలో ఒక ముద్ద ఉండాలి. ఆ ముద్దలో అక్షరాలు చదవక్కర్లేదు, వాటి బరువు ఎక్కడ పడుతుందో తెలిస్తే చాలు.

మొదటి నాలుగైదు పెట్టెల్లో అందరికీ తట్టేవే వస్తాయి. మూసీ వరద అనగానే చార్మినార్ చుట్టూ నీళ్లు, చేతులెత్తి అరిచే జనం. వాటిని గీసి వదిలించుకోవాలి, గీయకుండా ఉంటే అవే తిరిగొస్తాయి. ఏడో ఎనిమిదో పెట్టె దగ్గర్నుంచి ప్రశ్న మార్చండి: చూసేవాడు ఎక్కడున్నాడు? నీళ్లలో ఉండి చెట్టువైపు చూస్తే జనం కనిపిస్తారు. కొమ్మ మీద కూర్చుని కిందికి చూస్తే ఒక పిల్ల పాదాలు, వాటి కింద తిరుగుతున్న బురద నీళ్లు, తేలిపోతున్న రాగి బిందె కనిపిస్తాయి. రెండో దాంట్లో ముఖమే లేదు, అయినా గుండె జారుతుంది. పేరుకు కావలసిన ఖాళీ జాగా కూడా ఆ నీళ్లే ఇస్తున్నాయి.

12లో 3 ఎంచి, ఒక్కోదాన్ని అరచేతి సైజులో రంగులతో రఫ్ చేసి పబ్లిషరుకు పంపండి. అయిదు పంపితే ఒకదాని తల, ఇంకోదాని కాళ్లు కలపమంటారు. మీకు నచ్చనిది లెక్క నింపడానికి కలిపితే సరిగ్గా దాన్నే ఎంచుకుంటారు.

ఎంపిక అయ్యాక, పెన్సిలుకు ముందు, రెఫరెన్సు. ఈ పుస్తకానికి మొదటి ఉచ్చు భవనాలు. ఇప్పుడు మూసీ ఒడ్డున కనిపించే ఉస్మానియా ఆస్పత్రి, హైకోర్టు భవనాలు రెండూ ఆ వరద తరవాత కట్టినవే. వెనక వాటి గుమ్మటాలు వేస్తే హైదరాబాదు తెలిసిన పాఠకుడు అట్ట దగ్గరే నమ్మకం పోగొట్టుకుంటాడు. రెండో ఉచ్చు చెట్టు. చింతాకు రాత్రి ముడుచుకుంటుంది. మన అట్ట రాత్రి దృశ్యం, దానికి ఆకులు విచ్చుకుని ఉన్న ఫోటో చూసి గీస్తే తప్పవుతుంది. ఈనెకు రెండు వైపులా రెబ్బలు దగ్గరికి వాలి, కొమ్మ పలచగా కనిపించాలి. మనకు అది లాభమే, ఆకుల సందుల్లోంచి నీళ్లు ఎక్కువ కనిపిస్తాయి. సెప్టెంబరులో కాయ పచ్చిది, పండిన గోధుమరంగు గుత్తులు వేలాడదీయొద్దు.

పేరు రాయడం

తెలుగు అట్టలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఇంగ్లీషు పేరు పైనా కిందా దాదాపు సమంగా ఉండే పట్టీ. తెలుగు పేరు అలా కాదు. ‘చింతకొమ్మ’నే చూడండి: మొదట్లో చి మీద గుడి, మధ్యలో కొ మీద ఒత్వం పైకి లేస్తాయి. చివర్లో మ వత్తు కిందికి దిగుతుంది. పై అంచు రెండుచోట్ల పొడుచుకొస్తుంది, కింది అంచు కుడివైపు ఒక్కచోటే వేలాడుతుంది. ఈ ఆకారాన్ని పెట్టెలో ఇరికించకుండా వాడుకోవాలి. మన బొమ్మలో పేరు నీళ్ల మీద ఉంది. ఆ వత్తు ఒక్కటీ నీటి గీతను దాటి మునిగేలా పెట్టి, మునిగిన భాగానికి నీటి రంగు కాస్త పూస్తే పేరు దృశ్యంలో భాగమైపోతుంది. ఫాంటు ఏదైనా ఇంత దూరం తీసుకెళ్లదు, ఇక్కడ చెయ్యి పడాల్సిందే. బాపు అట్టలు గుర్తుచేసుకోండి, బొమ్మ గీసిన చెయ్యే అక్షరమూ రాసిందని చూడగానే తెలుస్తుంది.

చేత్తో రాసే ధైర్యం లేకపోతే ఫాంటుతో మొదలుపెట్టి దాని మీద గీయండి. సిలికానాంధ్ర విడుదల చేసిన ఉచిత యూనికోడ్ ఫాంట్లలో రామభద్ర, పొన్నాల లాంటి బరువైనవి పేర్లకు పనికొస్తాయి. ఫోటోషాప్‌లో వత్తులు విడిపోయి పక్కకు పడుతుంటే తప్పు ఫాంటుది కాదు. టైప్ ప్రిఫరెన్సుల్లో వరల్డ్-రెడీ లేఅవుట్ ఎంచుకోలేదన్నమాట. పాత వెర్షన్లలో అదే మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అని ఉంటుంది. ఇన్‌డిజైన్‌లో అయితే పేరాగ్రాఫ్ ప్యానెల్లో వరల్డ్-రెడీ కంపోజర్. ‘అను’ ఫాంట్లలో టైపు చేసిన పేరు మీకు వస్తే అది యూనికోడ్ కాదు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో పిచ్చిగీతలే కనిపిస్తాయి.

తరవాత అక్షరాలను అవుట్‌లైన్లుగా (ఫాంటుతో పనిలేని ఆకారాలుగా) మార్చి, ముక్కలన్నిటినీ ఒకటిగా కలపండి. కలపకుండా అంచు గీత వేస్తే గుడి, వత్తు అక్షరాన్ని తాకేచోట లోపల అడ్డగీతలు తేలతాయి. ఆ అంచు గీత కూడా ఆకారానికి బయటే పెరగాలి. లోపలికీ పెరిగితే సున్నలోని ఖాళీ పూడిపోయి చుక్కవుతుంది. వెడల్పు చాలలేదని పేరును పక్కల నుంచి నొక్కొద్దు. మన అక్షరాలు గుండ్రనివి కాబట్టి నొక్కితే కోడిగుడ్లవుతాయి, నిలువు గీతలు సన్నమై అడ్డం గీతలు లావుగా మిగులుతాయి. చోటు లేకపోతే సైజు తగ్గించండి, లేదా రెండు వరసలు చేయండి. రెండు వరసలైతే పై వరస వత్తులు కింది వరస గుడుల మీద పడతాయి. వరసల మధ్య దూరం పెంచితే పేరు రెండు ముక్కలై చీలుతుంది. అలా కాకుండా కింది వరసను పక్కకు జరపండి. వత్తు రెండు గుడుల మధ్య సందులోకి దిగే చోటు ఒకటి దొరుకుతుంది.

చివరికి మొత్తం అట్టను ఫోన్‌లో 2 సెం.మీ. వెడల్పుకు తగ్గించి చూడండి. ఆన్‌లైన్ షాపులో కొనేవాళ్లు చూసే సైజు దాదాపు అదే. పేరు చదవలేకపోతే రంగు మార్చే ముందు ఛాయ మార్చండి. బొమ్మను నలుపుతెలుపు చేస్తే పేరు, దాని వెనక నీళ్లు ఒకే బూడిదలో కలిసిపోతున్నాయేమో తెలుస్తుంది.

రంగులు

వరద నీళ్లు నీలం కాదు. బురద గోధుమ (ప్రెస్‌లోని నాలుగు సిరాల శాతాల్లో): సయాన్ 35, మెజెంటా 55, యెల్లో 80, నలుపు 20. దాని మీద లాంతరు వెలుగు మెజెంటా 25, యెల్లో 85. పేరుకు పూర్తి తెలుపు కంటే యెల్లో 15 కలిసిన మీగడ రంగు నప్పుతుంది. రాత్రి నీడలకు సయాన్ 95, మెజెంటా 65, యెల్లో 30, నలుపు 45. ఇక్కడ మెజెంటా సయాన్‌కు కనీసం 30 తక్కువ ఉందని గమనించండి. రెండూ దగ్గరైతే తెర మీద ముదురు నీలంగా కనిపించింది ప్రెస్‌లో వంగపండు రంగై వస్తుంది.

పెద్ద నల్లటి జాగాలకు ఒక్క నలుపు 100 వేస్తే వెలిసినట్టుంటుంది. సయాన్ 60, మెజెంటా 40, యెల్లో 40, నలుపు 100 వేయండి, మొత్తం 240. ఆర్ట్ కార్డు మీద ఎక్కడా మొత్తం 300 దాటనివ్వొద్దు, సిరా ఆరక పక్క షీటుకు అంటుకుంటుంది. చిన్న అక్షరాలకు మాత్రం నలుపు 100 ఒక్కటే. నాలుగు రంగుల్లో పెడితే రిజిస్ట్రేషన్ (రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవడం) వెంట్రుకవాసి కదిలినా ఎరుపూ నీలం అంచులు కనిపిస్తాయి.

మాట్ లామినేషన్ రాత్రి దృశ్యానికి హుందాగా ఉంటుంది, కానీ చీకట్లో ఉన్న వివరాలను మింగేస్తుంది. మధ్య ఛాయలను కర్వ్‌తో కొద్దిగా ఎత్తి పంపండి, తెర మీద కాస్త వెలిసినట్టు అనిపించినా ఫరవాలేదు. ముదురు మాట్ మీద వేలిముద్రలు, గీరలు పడతాయి, ఈ సంగతి పబ్లిషరుకు ముందే చెప్పాలి. పేరు మీద స్పాట్ యూవీ (కావలసినచోటే వేసే మెరుపు పూత) అడిగితే విడి లేయరులో, వెక్టర్‌గా, నలుపు 100తో ఇచ్చి, దాని అంచును అక్షరం కంటే 0.2 మి.మీ. లోపలికి లాగండి. యూవీ కొద్దిగా పక్కకు పడినా అక్షరం దాటి మెరవదు.

స్పైన్, వెనక అట్ట

10 మి.మీ. స్పైన్‌లో రెండు పక్కలా 1.5 వదిలితే 7 మిగులుతుంది. గుడి, వత్తు కలుపుకుని 7 అన్నమాట, అక్షరం ఒళ్లు 4కు మించదు. పేరును పైనుంచి కిందికి తిప్పి పెట్టండి. ఒకదాని కింద ఒకటిగా అక్షరాలు పేర్చొద్దు, మ వత్తు ఎవరికి చెందిందో తెలియదు. బైండింగ్‌లో స్పైన్ 1 మి.మీ. అటూ ఇటూ కదలడం మామూలే. కాబట్టి స్పైన్‌కు వేరే రంగు వేసి అంచు దగ్గర గీత గీసినట్టు ఆపొద్దు, బొమ్మనే వెనక్కి సాగనివ్వండి. ఇక్కడ చింతకొమ్మ స్పైన్ దాటి వెనక అట్ట మీదికి పోతుంది.

వెనక 80 మాటల పరిచయం, 11 పాయింట్లు. ముదురు మీద తెల్లక్షరాలైతే లావు ఫాంటు ఎంచండి, సన్నటి గీతలు సిరాలో పూడుకుపోతాయి. ఐఎస్‌బీఎన్ (పుస్తకం గుర్తింపు సంఖ్య) మన దేశంలో రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ ఉచితంగానే ఇస్తుంది. బార్‌కోడు పూర్తి సైజు 37.29×25.93 మి.మీ., 80 శాతం కంటే తగ్గించొద్దు. తెల్ల పెట్టెలో నల్ల గీతలే ఉండాలి. బొమ్మకు నప్పుతుందని ఎరుపు వేస్తే స్కానరు చదవదు, అది చూసేదే ఎర్ర వెలుగుతో.

ప్రెస్‌కు పంపేటప్పుడు

పీడీఎఫ్‌/ఎక్స్-4 లేదా ఎక్స్-1ఏ (అచ్చు కోసం ఉన్న పీడీఎఫ్ రకాలు), ఫాంట్లన్నీ అవుట్‌లైన్లు, కట్ మార్కులు బ్లీడ్ బయట. అక్రోబాట్‌లో అవుట్‌పుట్ ప్రివ్యూ తెరిచి ఒక్కో ప్లేటు (ఒక్కో సిరా) ఆపి చూడండి. వెనక అట్ట పరిచయం నల్లక్షరాల్లో ఉంటే, నలుపు ఆపగానే అది పూర్తిగా మాయమవ్వాలి, మసకగా మిగిలితే అది నాలుగు రంగుల్లో ఉందని అర్థం. డిజిటల్ ప్రూఫ్‌తో రంగు మరీ నమ్మకంగా తేల్చుకోవద్దు, ఆఫ్‌సెట్‌లో వేరుగా వస్తుంది. అది స్పైన్, మడత, అక్షరదోషాలు చూడటానికి. కత్తిరించి, మడిచి, డమ్మీకి చుట్టి చూడండి.

ప్రెస్‌వాళ్లకు రెండు మాటలు రాతలో ఇవ్వండి. ఆర్ట్ కార్డు గ్రెయిన్ (కాగితంలో నార సాగే దిశ) స్పైన్‌కు సమాంతరంగా ఉండాలి, అడ్డంగా ఉంటే మడత పగులుతుంది, వానాకాలంలో అట్ట పైకి లేస్తుంది. ఇంకోటి, అచ్చయిన షీట్లు బాగా ఆరాకే, కనీసం ఒక రోజు ఆగి లామినేషన్ చేయాలి. తొందరపడితే ముదురు రంగుల మీద వెండి పొడి చల్లినట్టు సన్నటి బుడగలు నిలుస్తాయి. మన అట్టలో సగం ముదురు రంగే.