పాత జీపు గేర్ ఆయిల్ మార్చే ముందు

పాత మహీంద్రా ఫోర్ వీల్ జీపు కిందికి దూరే ముందు చూసుకోవాల్సినవి:

• నేల చదునుగా ఉండాలి. టైర్లకు ముందూ వెనకా దిమ్మలు పెట్టాలి. హ్యాండ్ బ్రేక్‌ని నమ్ముకోవద్దు. విల్లీస్ (పాత అమెరికా జీపు) తరహా బండ్లలో దాని డ్రమ్ము చక్రాల దగ్గర కాదు, ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజిన్ శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచే గేర్ల పెట్టె) వెనక ఉంటుంది. వెనక చక్రం ఒక్కటి జాకీతో లేపారా, డిఫరెన్షియల్ (రెండు చక్రాలను వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్లు) పుణ్యమా అని రెండోదాన్ని పట్టేది ఉండదు. హ్యాండ్ బ్రేక్ లాగి ఉన్నా బండి కదిలిపోతుంది. ఇది తెలియని మెకానిక్కులూ ఉన్నారు.

• ముందు ఆయిల్ నింపే నట్టు ఊడుతుందో లేదో చూడండి. ఆయిల్ దించే కింది నట్టు ఆ తర్వాతే.

• ఆయిల్ గోరువెచ్చగా ఉంటే చాలు, కాలేంత వద్దు.

• గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్ లెవెళ్లు విడివిడిగా చూడాలి. ఒకదాంట్లో తగ్గి రెండోదాంట్లో పెరిగితే మధ్య సీలు అనుమానించాల్సిందే.

• నట్టుకు సన్నని బూడిదరంగు జిడ్డు అంటడం మామూలే. లోహపు ముక్కలు దొరికితే బండి తీయొద్దు.

• మాన్యువల్‌లో జీఎల్-4 (గేర్ ఆయిల్ రకం) అంటే అదే పోయండి. కొన్ని జీఎల్-5 ఆయిళ్లు గేర్లు సాఫీగా పడేలా చేసే ఇత్తడి సింక్రో రింగులను తినేస్తాయి.

• ఫోర్ వీల్ డ్రైవ్ పరీక్ష మట్టిలోనే, పొడి తారురోడ్డు మీద వద్దు. లో రేంజ్ (ఎక్కువ లాగుడుకు వాడే తక్కువ వేగం గేరు) బండి ఆగాకే, క్లచ్ తొక్కి వేయాలి.