స్విచ్ వేస్తే మసకబారే ఆకుపచ్చ వెలుగు

మొన్న మే నెలలో మా శ్రీకాకుళం కాలేజీ ల్యాబ్‌లో ఈ సెల్ నన్ను రెండు రోజులు ఏడిపించింది. సెల్ అంటే రెండు గాజు పలకల మధ్య, మెరిసే రంగు (డై) కలిపిన లిక్విడ్ క్రిస్టల్. స్విచ్ వేస్తే దాని మెరుపు తగ్గాలి. మాకేమో స్విచ్ వేసినా తీసినా ఒకటే వెలుగు. వైర్లు మార్చాం, ఏసీ ఇచ్చే సిగ్నల్ జనరేటర్ మార్చాం. చివరికి మా అటెండరు "సార్, గది కాలిపోతోంది, కిటికీ తియ్యమంటారా?" అన్నాక గానీ నాకు తట్టలేదు. లిక్విడ్ క్రిస్టల్ అంటే అణువులన్నీ ఒకే వాలుకి తిరిగి ఉండే ద్రవం. మేం వాడిన 5సీబీ (5CB) రకం 35 డిగ్రీలు దాటితే ఆ వాలు పోయి మామూలు ద్రవమైపోతుంది. వేసవిలో అయితే ఉదయమే చేయండి, లేదా 58 డిగ్రీల దాకా నిలిచే E7 అనే రకం తీసుకోండి.

ఐటీఓ (ఒక వైపు కరెంటు పారే పారదర్శక పూత) ఉన్న గాజు పలకలు రెండు కావాలి. కరెంటు పారే వైపు ఏదో మల్టీమీటరుతో చూసుకోండి. ఆ వైపు ఒక శాతం పీవీఏ (పాలీవినైల్ ఆల్కహాల్) కరిగించిన నీళ్లు వేసి, పాత కంప్యూటర్ ఫ్యానుకి అతికించి తిప్పితే చీరకి గంజి పట్టినట్టు పల్చగా పడుతుంది. ఆరాక వెల్వెట్ ముక్కతో ఒకే దిక్కుకి ఇరవైసార్లు రుద్దండి. పొందూరు ఖద్దరు ఎంత సన్నదైనా ఇక్కడ పనికిరాదు, నూగు ఉండాలి. రుద్దిన వైపులు లోపలికి, దిక్కులు ఎదురెదురుగా ఉండేలా, మధ్యలో 12 మైక్రాన్ల మందం మైలార్ (ప్లాస్టిక్ రేకు) పట్టీలు పెట్టి అతికించండి. క్లిప్పులకి అంచులు కాస్త బయటికి వదలండి.

ఇక మెరిసే డై, దాని పేరు కూమరిన్ 6. 100 మిల్లీగ్రాముల 5సీబీకి అర మిల్లీగ్రాము చాలు, కానీ అంత చిన్న తూకం మా త్రాసులో రాదు. అందుకే 5 మిల్లీగ్రాములు 10 మి.లీ. క్లోరోఫామ్‌లో కరిగించి, అందులో 1 మి.లీ. తీసి 5సీబీలో కలిపి, ఫ్యూమ్ హుడ్‌లో (ఆవిర్లను బయటికి లాగే పెట్టెలో) రాత్రంతా ఆరనిస్తాం. డై ఎక్కువైతే వెలుగు పెరగదు, తగ్గుతుంది. 40 డిగ్రీలకి వేడిచేసి అంచున చుక్క పెడితే సెల్ దానంతటదే పీల్చుకుంటుంది.

నాగావళి వరదలో దుంగలు నీటివాలుకి తిరిగినట్టు, పొడుగాటి డై అణువులు క్రిస్టల్ వాలుకి తిరుగుతాయి. నీలి ఎల్ఈడీ ముందు పోలరైజర్‌ని (ఒకే దిక్కున ఊగే వెలుతురునే వదిలే రేకుని) రుద్దిన దిక్కుకి పెట్టండి, పసుపు ఫిల్టర్‌లోంచి చూడండి. ఆకుపచ్చగా మెరుస్తుంది. 1 కిలోహెర్ట్జ్ ఏసీ, 5 వోల్టులు ఇస్తే అణువులు నిలబడి నీలి వెలుతురు తక్కువ పీల్చుకుంటాయి, మెరుపు తగ్గుతుంది. పూర్తిగా ఆరదు, కంగారుపడకండి. బ్యాటరీ మాత్రం తగిలించకండి, డీసీతో సెల్ పాడవుతుంది.

చూడటం అయ్యాక ఎల్ఈడీ ఆర్పేయండి. మా మొదటి సెల్‌ని మధ్యాహ్నమంతా దాని కిందే వదిలేస్తే నడిమధ్య గుండ్రంగా డై వెలిసిపోయింది.