పట్టేసిన ముందు హబ్బులు విప్పేముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

కళింగపట్నం, భావనపాడు, బారువ వైపు ఐదారేళ్లు తిరిగిన కారుకు ముందు చక్రం విప్పి చూస్తే, చక్రం బిగించే హబ్బు ఎక్కడ అయిపోయిందో, దాన్ని పట్టుకుని స్టీరింగుతో పాటు తిరిగే నకల్ ఎక్కడ మొదలయిందో పోల్చుకోలేనంతగా రెండూ ఒకే తుప్పు ముద్దలా కనిపిస్తాయి. శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉంది. నౌపడ ఉప్పు కొటార్ల పక్క రోడ్ల మీదా, విజయనగరం జిల్లాలో పూసపాటిరేగ, భోగాపురం మండలాల తీరపు ఊళ్లలోనూ రాత్రంతా ఆరుబయట నిలిచే బళ్ల అడుగున ఉప్పు పేరుకుంటుంది. ఉప్పు గాలిలోని తేమను లాగి పట్టి ఉంచుతుంది కనుక వాన లేని రోజున కూడా ఆ ఇనుము తడిగానే ఉంటుంది. ఇంజను బలాన్ని ముందు చక్రానికి చేర్చే షాఫ్ట్ చివర ఉండే సీవీ జాయింటును మార్చే, పూటలో అయిపోవలసిన పని రెండు రోజులు పట్టడానికీ, ఒక్కొక్కసారి పని చేసేవాడికి దెబ్బ తగలడానికీ ఈ తుప్పే కారణం.

ఈ పనిని దసరాకు ముందే, వీలయితే శ్రావణ భాద్రపదాల్లోనే, వాన తెరిపి ఇచ్చిన రెండు రోజులు చూసుకుని ముగించుకోవడం మంచిది. విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానోత్సవం, ఆ వెనకే కార్తీకంలో శ్రీముఖలింగం ప్రయాణాలు వచ్చేసరికి కిరాయి కార్లకు ఖాళీ ఉండదు, మెకానిక్కుకు తీరిక ఉండదు. పైగా మన తీరానికి తుపానుల నెల కూడా అదే. 2014లో హుద్‌హుద్ అక్టోబరు 12న, 2018లో తిత్లీ అక్టోబరు 11న తీరం దాటాయి. చెట్లు పడి దారులు మూసుకుపోయిన రాత్రి ఇంట్లో ముసలివాళ్లను ఆసుపత్రికి తీసుకుపోవలసి వస్తే, మలుపు మలుపుకూ టకటకలాడే జాయింటును నమ్ముకుని బయలుదేరడం ఎవరికీ ఇష్టం ఉండదు.

పానా పట్టుకునే ముందు తేల్చుకోవలసింది ఒకటుంది. చెడిపోయింది జాయింటా, బేరింగా? స్టీరింగు పూర్తిగా ఒక పక్కకు తిప్పి నెమ్మదిగా నడిపినప్పుడు టక్ టక్ మని వినిపిస్తే, చక్రం లోపలి వైపు గ్రీజు చిమ్మినట్టు కనిపిస్తే, జాయింటును కప్పి ఉంచే రబ్బరు బూటు చిరిగి సీవీ జాయింటు అరిగిందని అర్థం. వేగంతో పాటు పెరిగే ఒకే తీరు హోరు వినిపిస్తే అది చాలావరకు బేరింగుది. ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, మన దగ్గర తిరిగే చిన్న కార్లలో ఎక్కువ వాటికి బేరింగు నకల్‌లోకీ, హబ్బు ఆ బేరింగులోకీ ప్రెస్సుతో బిగించి ఉంటాయి. హబ్బును బయటకు లాగితే బేరింగు లోపలి రింగు హబ్బుతో పాటు ఊడి వచ్చి, బాగున్న బేరింగు కూడా పాడవుతుంది. జాయింటు మాత్రమే మార్చేటప్పుడు హబ్బును నకల్‌లోనే ఉండనిచ్చి, షాఫ్ట్ కొనను మాత్రం హబ్బు లోంచి లోపలికి నెట్టాలి. తుప్పు పట్టేసేది షాఫ్ట్ పళ్లకూ హబ్బు రంధ్రంలోని పళ్లకూ మధ్యనే కనుక, విడిపించవలసింది అక్కడే. ఇది తెలియక హబ్బు మీద సుత్తి వేసేవాళ్లు చెడని దాన్ని కూడా చెడగొట్టుకుంటారు.

బండిని నిలబెట్టే చోటు గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ప్రాణానికి ముప్పు ఇక్కడే ఉంది. ఇంటి ముందు ఇసుక నేల మీద గాని, వానకు నానిన మట్టి మీద గాని జాకీ పెడితే, మొదట గట్టిగా నిలిచినట్టే ఉండి, పట్టేసిన హబ్బును ఊపడం మొదలుపెట్టగానే ఒక పక్కకు దిగబడుతుంది. సిమెంటు చేసిన గట్టి నేల ఉన్న చోటనే పని పెట్టుకోవాలి. అది దొరకకపోతే జాకీ కిందా, లేపిన బండిని మోసే స్టాండ్ల కిందా మందమైన ఇనుప పలక గాని, వెడల్పాటి గట్టి చెక్క గాని వేయాలి. బండి కింద ఇటుకలు పేర్చే అలవాటు మన ఊళ్లలో ఇంకా పోలేదు. లోపల బోలుగా ఉండే సిమెంటు ఇటుక పగిలేటప్పుడు ముందుగా ఏ సూచనా ఇవ్వదు. బండి బరువు ఎప్పుడూ జాకీ స్టాండ్ల మీదే ఉండాలి, జాకీ లేపడానికి మాత్రమే. వెనక చక్రాలకు రెండు వైపులా దిమ్మలు పెట్టి, హ్యాండ్‌బ్రేకు లాగి, స్టాండ్ల మీదకు దించాక బండిని చేతులతో గట్టిగా ఊపి చూసి, కదలలేదని నమ్మకం కుదిరాకే చక్రం విప్పాలి. విప్పిన చక్రాన్ని గోడకు ఆనించకుండా బండి అంచు కింద పడుకోబెడితే, అన్నీ తప్పినా ఆ చక్రం అడ్డుపడుతుంది.

షాఫ్ట్ చివరి పెద్ద నట్టు చిన్న కార్లలో సుమారు 200 న్యూటన్ మీటర్ల బలంతో బిగించి ఉంటుంది. కచ్చితమైన అంకె మీ బండి కంపెనీ సర్వీసు పుస్తకంలో ఉంటుంది, పక్క బండి అంకె పనికిరాదు. నట్టు అంచును షాఫ్ట్ గాడిలోకి నొక్కి ఉంచుతారు కనుక ముందు ఆ నొక్కును సన్న ఉలితో పైకి లేపకపోతే మర చెడుతుంది. చక్రం నేల మీద ఉండగానే, ఇంకొకరు బ్రేకు తొక్కి ఉంచగా, ఆ నట్టును పావు చుట్టు మాత్రం వదులు చేసి ఆపాలి. మిగిలింది బండి లేపాకనే. నట్టు పూర్తిగా వదులైన హబ్బు మీద బండి బరువు పడినా, బండిని ఒక అడుగు దొర్లించినా బేరింగు లోపల విడిపోవచ్చు. పానాకు పొడవైన గొట్టం తగిలించి తొక్కేవాళ్లు గొట్టం జారితే తాము ఎటు పడతారో ముందే చూసుకోవాలి.

తరవాత కావలసింది ఓపిక. తుప్పు వదిలించే స్ప్రేను షాఫ్ట్ చుట్టూ రెండు వైపుల నుంచీ కొట్టి, రాత్రంతా వదిలేసి, పొద్దున మళ్లీ కొట్టాలి. డీజిలు, కిరోసిన్ పోసే అలవాటు మనకు ఉంది. అవి కొంత పనిచేస్తాయి గాని రబ్బరు బూటుకూ బ్రేకు ప్యాడ్లకూ తగిలితే చేటు, కాబట్టి డిస్కు ప్లేటునూ ప్యాడ్లనూ ముందుగా తీసి పక్కన పెట్టాలి. బ్రేకు ప్యాడ్లను పట్టుకుని ఉండే కాలిపర్‌ను బైండింగ్ వైరుతో స్ప్రింగుకు వేలాడగట్టాలి, బ్రేకు పైపు మీద వేలాడనివ్వకూడదు. చక్రం వేగం చెప్పే సెన్సరు వైరు ఉన్న బళ్లలో దాన్ని కూడా విప్పి దూరంగా కట్టేయాలి. తుప్పుపట్టి అతుక్కుపోయిన ఆ చిన్న సెన్సరు విరిగితే దాని ఖర్చు జాయింటు ఖర్చును గుర్తు చేస్తుంది.

నెట్టే పనికి హబ్ పుల్లర్ అనేదే సరయిన సాధనం. చక్రం బోల్టులకు దాని కాళ్లు సమంగా బిగించి, నడిమి మర షాఫ్ట్ కొన మీద తిన్నగా ఆనేలా చూసి, బిగువు ఎక్కించి, కాసేపు అలా వదిలేస్తే చాలా హబ్బులు ఎవరూ ముట్టుకోకుండానే టప్‌మని వదిలేస్తాయి. ఆ క్షణంలో దాని ఎదురుగా మనిషి ఉండకూడదు, అందుకే షాఫ్ట్ నట్టును పూర్తిగా తీయకుండా నాలుగు చుట్లు ఉంచాలి. పుల్లర్ కొని పెట్టుకోనక్కర లేదు, లేత్ షాపుల దగ్గర అడిగితే ఒక పూటకు దొరుకుతుంది.

మా ఇంటి కారుకు ఈ పని మొదటిసారి వచ్చినప్పుడు, "ఒక్క దెబ్బకి ఒచ్చేస్తాది బాబూ" అన్న మాట నమ్మి నేనే పక్కన టార్చిలైటు పట్టుకుని నిలబడ్డాను. ఒక్క దెబ్బ ఇరవై దెబ్బలయింది, షాఫ్ట్ కొన పుట్టగొడుగులా విచ్చుకుని మరలు మాసిపోయాయి, చివరికి జాయింటుతో పోవలసింది మొత్తం షాఫ్ట్ కొనుక్కోవడం దాకా వచ్చింది. సుత్తి దెబ్బకు ఇంకో చేటు కూడా ఉంది. ఆ తాకిడి షాఫ్ట్ మీదుగా గేరుబాక్సు వైపు ఉన్న లోపలి జాయింటుకు చేరుతుంది. తప్పనిసరిగా కొట్టవలసి వస్తే, నట్టును కొనతో సమంగా ఉండేలా పైకి ఎక్కించి, మధ్యలో ఇత్తడి కడ్డీ పెట్టి, మెత్తగా కొట్టాలి. గట్టిపరచిన బేరింగు రింగు మీద గట్టిపరచిన సుత్తితో నేరుగా కొడితే అంచు నుంచి ఎగిరే ఇనుప పెళ్ల కంటిలోకి దూసుకుపోతుంది. కళ్లను కాపాడే రక్షణ కళ్లజోడు లేకుండా ఈ పని చేయకూడదు, పక్కన చూసేవాళ్లకు కూడా అది కావాలి. నా టార్చిలైటు సంగతి తలచుకుంటే ఇప్పుడు భయం వేస్తుంది. కంటిలో ఇనుము పడితే నలపకుండా, గుచ్చుకున్న దాన్ని లాగకుండా, కన్ను మీద ఒత్తిడి పడకుండా కప్పి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

వేడి పెట్టడం గురించి నా అభిప్రాయం కొంచెం కఠినంగానే ఉంటుంది. ఇంటి దగ్గర ఆ పని వద్దు. హబ్బు లోపల గ్రీజూ, సీలూ, పక్కనే రబ్బరు బూటూ, బ్రేకు ఆయిలు పైపూ ఉంటాయి. ముందు రోజు కొట్టిన స్ప్రే ఇంకా ఆరి ఉండదు, నిప్పు అందుకోవడానికి అది చాలు. బ్రేకులు కడిగే కొన్ని స్ప్రేలలో క్లోరిన్ కలిసిన ద్రావకాలు ఉంటాయి. వాటి తడి మీద గ్యాసు మంట గాని వెల్డింగ్ గాని తగిలితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది, దాని తీవ్రత కొన్ని గంటల తరవాత గాని ఊపిరితిత్తుల్లో తెలియదు. గాలి నిండిన టైరు బిగించి ఉన్న చక్రానికి వేడి పెడితే టైరు పేలి మనుషులు చనిపోయిన సందర్భాలు లారీ షెడ్లలో పనిచేసిన వాళ్లందరికీ తెలుసు. వేడి తప్పదనుకుంటే నకల్‌ను విప్పి వెల్డింగ్ షాపుకో, ప్రెస్సు ఉన్న లేత్ షాపుకో తీసుకుపోవడమే మేలు. అల్యూమినియం నకల్ అయితే ఆ సంగతి ముందే చెప్పాలి, ఎందుకంటే దానికి మంట పెడితే బలం పోతుంది, సుత్తి వేస్తే పగులుతుంది.

హబ్బూ బేరింగూ ఒకే ముద్దగా వచ్చి, వెనక నుంచి మూడో నాలుగో బోల్టులతో నకల్‌కు బిగించి ఉండే బళ్లూ ఉన్నాయి. ముందు వైపు గట్టి యాక్సిల్ గొట్టమూ, దాని చివర క్రాస్ జాయింటూ ఉండే కొన్ని ఫోర్‌వీల్ బళ్లలో ఇదే పద్ధతి, వాటిలో జాయింటు దగ్గరకు వెళ్లాలంటే హబ్బు ఊడక తప్పదు. ఇక్కడ తుప్పు హబ్బు వెనక అంచుకూ నకల్ రంధ్రానికీ మధ్య పడుతుంది. ముందు అంచు పట్టుకుని బలంగా లాగితే బేరింగు నడిమికి విడిపోయి వెనక సగం రంధ్రంలోనే ఉండిపోతుంది, ఆ సగాన్ని తీయడం మొదటి పని కంటే కష్టం. బోల్టులను ఐదారు చుట్లు వదులు చేసి, బోల్టు తలకూ యాక్సిల్ గొట్టానికీ మధ్య ఇనుప దిమ్మ ఇరికించి, ఇంజను ఆన్ చేసి పవర్ స్టీరింగు తిప్పి హబ్బును నెట్టించే ఉపాయం ఒకటి వాడుకలో ఉంది. అది పనిచేస్తుంది, అందుకే ప్రమాదం. దిమ్మ జారితే తూటాలా ఎగురుతుంది, స్టీరింగు రాడ్డు వంగవచ్చు, బోల్టు విరిగి లోపల ఉండిపోవచ్చు. ఆ ఉపాయం వాడేవాళ్లు ఎవరి చేయీ హబ్బు దగ్గర లేకుండా, అన్ని బోల్టులకూ వంతులవారీగా కొద్దికొద్దిగా నెట్టించాలి. ఒకే మూల నుంచి నెడితే హబ్బు అడ్డంగా తిరిగి ఇంకా గట్టిగా పట్టేస్తుంది.

తిరిగి బిగించేటప్పుడు రంధ్రంలోని తుప్పునంతా వైరు బ్రష్షుతో మెరిసేదాకా గీకి, పళ్ల మీదా అంచుల మీదా రాగి గ్రీజు పలచగా రాస్తే మళ్లీ విప్పవలసి వచ్చినప్పుడు ఈ బాధలో సగం తగ్గుతుంది. డిస్కు ముఖం మీద మాత్రం అది అంటకూడదు. షాఫ్ట్ నట్టు ప్రతిసారీ కొత్తదే వేసి, బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచితో బిగించి, అంచును గాడిలోకి నొక్కాలి. చక్రం నట్లను ఒకదానికి ఎదురుగా ఒకటి వరసలో బిగించి, 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మరోసారి చూసుకోవాలి. వరద నీళ్లలో నుంచి గాని, సముద్రపు ఒడ్డు ఇసుక మీద నుంచి గాని వచ్చిన రోజున, హబ్బు చల్లారాక, మంచినీళ్లతో చక్రాల లోపలి వైపు కడగాలి. వేడిగా ఉన్న హబ్బు ఒక్కసారిగా చన్నీళ్లలో మునిగితే సీలు అంచుల నుంచి నీటిని లోపలికి పీల్చుకుంటుంది కనుక, లోతు నీటిలోకి దిగే ముందు కాసేపు బండి ఆపి నిలబెట్టడం కూడా మంచిదే.