ఆక్సోలాటిల్ పిల్లకు మేత – 4వ పాఠం: ఉమ్మేస్తుంటే ఏం చేయాలి

ఆక్సోలాటిల్ అంటే కప్పలకి చుట్టమైన, నీళ్లలోనే బతికే ఉభయచరం. దాని పిల్లకి వేసే పెల్లెట్ల (గుళికల మేత) గురించి ఈ వారం చెప్తానన్నాను. అది తర్వాత చూద్దాం. పోయిన పాఠంలో ఆర్టీమియా (ఉప్పునీటి చిట్టి రొయ్యల్లాంటి జీవులు) మాన్పించి వానపాము ముక్కలు అలవాటు చేయమన్నాను కదా. అప్పటినుంచి గుంటూరు వాళ్లదీ బెజవాడ వాళ్లదీ ఒకటే మాట: "పిల్ల నోట్లోకి తీసుకుంటోందండీ, వెంటనే ఉమ్మేస్తోంది."

ముందు అది ఎలా ఉమ్ముతోందో చూడండి. ఆక్సోలాటిల్ నమిలి తినదు. టక్కున నోరు తెరిచి నీళ్లతో సహా మేతను లోపలికి లాగేస్తుంది. ముక్క కాస్త పెద్దదైతే ఉమ్మి, మళ్లీ అందుకుని, సర్దుకుని మింగుతుంది. దానికి కంగారు పడక్కర్లేదు, రెండు కళ్ల మధ్య దూరం కంటే ముక్క లావు లేకుండా కోస్తే సరిపోతుంది. అలా కాకుండా ఉమ్మేసి, తల విదిలించి, వెనక్కి జరిగి, మళ్లీ ఆ ముక్క జోలికే రాకపోతే మాత్రం లోపం వానపాములో ఉంది.

ఎక్కడివి వేశారని అడిగితే, చాలామంది వర్మీకంపోస్టు సంచిలోంచి ఏరినవే అన్నారు. మన దగ్గర ఆ ఎరువుకి ఎక్కువగా వాడేవి రెండు రకాలు. ఐసీనియా ఫెటిడా సన్నగా, ఎర్రగా, అడ్డచారలతో ఉంటుంది, తోక కొస పసుపు. వేళ్ల మధ్య నొక్కితే పసుపు ద్రవం ఊరుతుంది, కంపు కొడుతుంది. అది చేదు. పిల్ల ఉమ్మేది ఆ చేదుకే. యూడ్రిలస్ యూజీనియే పొడవుగా, చారలు లేకుండా ఊదాగోధుమ రంగులో ఉంటుంది, వెలుతురు పడితే నీలంగా మెరుస్తుంది. మీకు కావలసింది ఇదే. చారలవాటిని వేడినీళ్లలో ముంచి వేయొచ్చని కొందరంటారు. నాకది ఇష్టం లేదు. చిన్నపిల్లని రప్పించేది కదలికే, ఉడికిన ముక్క కదలదు.

చారలవి వద్దన్నాను కదా అని చేలో తవ్వుకు రాకండి. ముఖ్యంగా మిరప చేలో. గుంటూరు చుట్టుపక్కల మిరపకి ఎన్ని మందులు కొడతారో మీకు నేను చెప్పాలా? ఆ మట్టి తిని బతికే ప్రాణి అది. ఆక్సోలాటిల్ చర్మం కప్ప చర్మంలాంటిది, నీళ్లలో ఏం కలిసినా పీల్చుకుంటుంది. పత్తి చేనైనా, పిచికారీ చేసిన తోటైనా, కాలువ గట్టైనా అంతే. పెరట్లో మందు ఎరగని మట్టి ఉంటే అక్కడివి తీసుకోండి.

ఇంకో మాట. నీళ్లు 24 డిగ్రీలు దాటితే పిల్ల ఏ మేతా సరిగ్గా తినదు. మే నెలలో వానపాముని తప్పుపట్టే ముందు థర్మామీటరు చూడండి.

అభ్యాసం కొంచెం పెద్దదే. థర్మోకోల్ పెట్టెకి గాలి రంధ్రాలు పెట్టి, తడిపి పిండిన కొబ్బరిపొట్టు నింపి, యూడ్రిలస్ వేసి నీడలో ఉంచండి. కూరగాయల తొక్కలు వేయొచ్చు. నిమ్మ, ఉల్లి, మిరపకాయ వద్దు. వారం ఆగి మేత మొదలుపెట్టండి. వరసగా ఏడు సాయంత్రాలు, ఒక్కో పిల్లని విడి డబ్బాలో పెట్టి (కలిపి ఉంచితే ఒకదాని కాలు ఇంకొకటి కొరుకుతుంది), ప్లాస్టిక్ పట్టకారుతో ఒక్కో ముక్కే ముక్కు ముందు ఆడించండి. మింగిందా, ఉమ్మి మళ్లీ తీసుకుందా, వదిలేసిందా అన్నది నీళ్ల ఉష్ణోగ్రతతో పాటు రాసుకోండి. అరగంటలో తిననిది తీసేయండి. పెల్లెట్ల పాఠానికి ఆ కాగితం దగ్గర పెట్టుకునే కూర్చోండి.